పేరు పోర్షేది... ఒళ్లెవరిది?

పోర్షే కయెన్, ఫోక్స్‌వ్యాగన్ టువారెగ్. 2002లో మొదటిసారి వచ్చిన ఈ రెండు కార్లనూ పక్కపక్కన నిలబెట్టి ఎదురుగా చూస్తే చుట్టరికం ఉందని ఎవరూ అనుకోరు. ఒకదాని ముఖం స్పోర్ట్స్ కారుది. రెండోది ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న పెద్దమనిషిలా ఉంటుంది. అదే కాస్త పక్కకి జరిగి తలుపుల వైపు చూడండి. రెండింటికీ అవే తలుపులు! ధరలో మాత్రం ఆ పోలిక లేదు. పోర్షే బొమ్మ ఉన్నదానికి చాలా ఎక్కువ పెట్టాలి.

మరి కయెన్‌ని అసలు తయారుచేసింది ఎవరు? కార్ల పిచ్చి ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి వాదించుకున్న ప్రశ్న ఇది.

కథ 1990ల మొదట్లో మొదలవుతుంది. అప్పటికి పోర్షే పరిస్థితి ఏమీ బాగాలేదు. 1986లో 50 వేలకు పైగా కార్లు అమ్మిన కంపెనీ 1993 నాటికి 15 వేల లోపుకి పడిపోయింది. రేపోమాపో ఎవరో ఒకరు కొనేస్తారనుకున్నారంతా. అప్పుడే పగ్గాలు పట్టుకున్న వెండెలిన్ వీడెకింగ్, టొయోటాలో పనిచేసిన జపాన్ నిపుణుల్ని పిలిపించి ఫ్యాక్టరీలో పని పద్ధతులన్నీ మార్పించాడు. 1996లో వచ్చిన బాక్స్‌టర్ కారు ఊపిరి పోసింది. అయినా రెండు స్పోర్ట్స్ కార్లను నమ్ముకుని ఎంతకాలం? అమెరికాలో చూస్తే జనమంతా జీపులా ఎత్తుగా, కారులా మెత్తగా ఉండే బండ్లమీద పడుతున్నారు. అలాంటిది ఒకటి కావాలి. సొంతంగా చేసేంత డబ్బు లేదు.

ముందు మెర్సిడెస్‌తో కలిసి చేద్దామనుకున్నారు. బేరం కుదరలేదు. తర్వాత తలుపు తట్టింది ఫోక్స్‌వ్యాగన్‌ది. (2005లో విశాఖపట్నానికి ఫ్యాక్టరీ తెస్తుందని మనవాళ్లంతా ఎదురుచూస్తే చివరికి పుణె దగ్గర చకన్‌లో పెట్టిందే, ఆ కంపెనీయే!) అక్కడ అధిపతి ఫెర్డినాండ్ పియెక్. పరాయివాడేం కాదు. పోర్షేని స్థాపించిన, బీటిల్ కారును రూపొందించిన ఫెర్డినాండ్ పోర్షేకి స్వయానా కూతురి కొడుకు. కుర్రతనంలో పోర్షేలోనే ఇంజినీరుగా పనిచేశాడు. 1972లో కుటుంబ సభ్యులెవరూ కంపెనీ పదవుల్లో ఉండకూడదని ఇంట్లోవాళ్లే తీర్మానించుకోవడంతో బయటికొచ్చాడు. అలా బయటికెళ్లిన మనవడు ఇప్పుడు తాతగారి కంపెనీతో ఒప్పందం చేసుకుంటున్నాడన్నమాట. 1998లో అది ఖరారైంది. దానికి పెట్టుకున్న పేరు కొలరాడో.

ఇక ఎవరి వాటా ఎంత? ఉమ్మడి ప్లాట్‌ఫామ్‌ని, అంటే కారు కింది నిర్మాణాన్ని, రూపొందించే పనికి ముందు నిలిచింది పోర్షే ఇంజినీర్లు. లెక్కలేనన్ని కార్లు తయారుచేసిన అనుభవం ఫోక్స్‌వ్యాగన్‌ది. స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావాలో ఆ కంపెనీకి ఉన్న ఫ్యాక్టరీలో టువారెగ్ పూర్తిగా తయారయ్యేది. కయెన్ బాడీ కూడా అక్కడే పుట్టి, రంగులు వేయించుకుని, రైలెక్కి జర్మనీలోని లైప్‌జిగ్‌కి వెళ్లేది. పోర్షే ప్రత్యేకంగా కట్టిన కొత్త ఫ్యాక్టరీలో దానికి ఇంజిన్ బిగించేవారు. వీ8 ఇంజిన్ పోర్షే సొంతం. టర్బో రకంలో దాని శక్తి 450 హార్స్‌పవర్! ఆ తర్వాత తక్కువ ధరకి తెచ్చిన 3.2 లీటర్ల వీ6 మాత్రం ఫోక్స్‌వ్యాగన్ నుంచి తీసుకున్నదే. అదే బ్రాటిస్లావాలో కొన్నాళ్లకి ఆడి క్యూ7 కూడా తయారవడం మొదలైంది. ముగ్గురు అన్నదమ్ములు, ముగ్గురికీ ముఖాలు వేరు.

పోర్షే అభిమానులు భగ్గుమన్నారు. వెనక ఇంజిన్‌తో దూసుకుపోయే 911ని ఆరాధించేవాళ్లకి ఈ భారీకాయం మింగుడుపడలేదు. పైగా ఒళ్లు ఇంకొకరిది! కయెన్ అన్నది ఓ రకం మిరపకాయ పేరు కూడా. గుంటూరు వాళ్లయితే ముచ్చటపడేవారేమోగానీ వీళ్లకి మాత్రం మంటే పుట్టింది. కొనేవాళ్లు అదేం పట్టించుకోలేదు. ఏడాదికి 25 వేలు అమ్ముడైతే చాలనుకుంటే సగటున 35 వేల దాకా పోయాయి. ఆ డబ్బే 911కీ అన్నం పెట్టిందని తిట్టినవాళ్లూ తర్వాత ఒప్పుకున్నారు.

అసలు మలుపు ఇక్కడుంది. చేతినిండా డబ్బొచ్చిన పోర్షే 2005లో ఫోక్స్‌వ్యాగన్ షేర్లు కొనడం మొదలెట్టింది. తనకి బాడీలు చేసిపెట్టే కంపెనీని, తనకంటే ఎన్నో రెట్లు పెద్దదాన్ని, మింగేయాలని! 2009 జనవరికి సగానికి పైగా వాటా చేతికొచ్చింది. కానీ దానికోసం చేసిన అప్పు 1000 కోట్ల యూరోలు దాటింది. ఆర్థిక మాంద్యంలో బ్యాంకులు ముఖం చాటేశాయి. ఆ జులైలో వీడెకింగ్ ఇంటిదారి పట్టాడు. మింగబోయింది కాస్తా ఎరైపోయింది. పోర్షే కార్ల వ్యాపారంలో 49.9 శాతాన్ని అదే ఏడాది డిసెంబరులో, మిగతాది 2012లో 446 కోట్ల యూరోలకి ఫోక్స్‌వ్యాగనే కొనేసింది. పియెక్ అప్పుడు ఆ కంపెనీ పర్యవేక్షక మండలికి అధ్యక్షుడు.

అలాగని మనవడి కంపెనీ తాత కంపెనీని మింగేసిందనుకుంటే అదీ పూర్తిగా నిజం కాదు. ఫోక్స్‌వ్యాగన్‌లో సగానికి పైగా ఓట్లు పోర్షే, పియెక్ కుటుంబాల పెట్టుబడి సంస్థవే. దాని పేరు కూడా పోర్షేనే! 2022లో కార్ల కంపెనీ షేర్లు విడిగా మార్కెట్లోకి వచ్చినా నాలుగింట మూడొంతుల వాటా ఫోక్స్‌వ్యాగన్ దగ్గరే ఉంది. ఎవరికి ఎవరు యజమానో చెప్పాలంటే కాగితం, పెన్సిలు తీసుకోవాల్సిందే.

కయెన్ మాత్రం లైప్‌జిగ్‌కి రైలెక్కడం మానేసింది. 2017లో వచ్చిన మూడో తరం నుంచి మొత్తం కారు బ్రాటిస్లావాలోనే తయారవుతోంది. 2022 నుంచి మలేషియాలో బిగిస్తున్నవి తప్ప. అదే ప్లాట్‌ఫామ్ మీద బెంట్లీ బెంటేగా, లంబోర్గిని ఊరుస్ కూడా వచ్చాయి. పది లక్షలో కయెన్ 2020 డిసెంబరులో ఆ స్లొవేకియా ఫ్యాక్టరీ నుంచే బయటికొచ్చింది.