పిట్ట ముక్కుకి అందే మొక్క

మా మధురవాడలో ఏ అపార్ట్‌మెంటు బాల్కనీ చూసినా పూలకుండీలు, వాటి మధ్య అక్కడక్కడా లవ్‌బర్డ్స్ పంజరాలు. రెండూ పక్కపక్కన ఉంటే ముచ్చటగానే ఉంటుంది. అయితే ఆ కుండీలో ఉన్నదేమిటో ఒకసారి చూసుకోవాలి.

కంబాలకొండ అడవిలో తిరిగే పిట్టకి వంద చెట్లుంటాయి. ఒక ఆకు రుచించకపోతే ఇంకో కొమ్మ మీదికి ఎగిరిపోతుంది. పంజరంలో పిట్టకి ఆ వీలేదీ? పొద్దుపోక ముక్కుకి అందిందల్లా కొరుకుతుంది. గుప్పెట్లో ఇమిడే ప్రాణి, దానికి చిన్న ముక్కయినా ఎక్కువే.

మొన్న మా పక్క ఫ్లాటావిడ, "వదినా, మనీప్లాంట్ తీగని పంజరం మీదికి పాకిస్తే చల్లగా ఉంటుంది కదా!" అంది. వద్దన్నాను. కంద కోస్తే చేతులు దురద పెడతాయి చూశారూ, మనీప్లాంటూ, డిఫెన్‌బేకియా, ఫిలోడెండ్రాన్ కూడా ఆ కుటుంబంలోవే. ఆకుల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. కొరికితే నోరూ గొంతూ వాస్తాయి.

"పోనీ గన్నేరు? దేవుడి పువ్వేగా!" అంది. అది మరీ ప్రమాదం. గన్నేరైనా, పచ్చగన్నేరైనా, ఆకు నుంచి గింజ దాకా అన్నీ గుండె మీద దెబ్బతీసేవే. హైవే డివైడర్ల మీద గన్నేరు అంత ధీమాగా పెరిగేది పశువులు ముట్టవు కనకనే. ఉమ్మెత్త, జిల్లేడు, ఆముదం, గురివింద, లాంటానా కూడా పంజరం దరిదాపుల్లో ఉండకూడదు. ఇప్పుడు సూపర్‌మార్కెట్లలో దొరికే అవకాడో ఉందే, దాని ఆకూ పండూ కూడా పక్షులకి విషమే.

మరేం పెట్టాలి? మందారం, తులసి, కొత్తిమీర, స్పైడర్ ప్లాంట్, అరెకా పామ్... ఇవి పెట్టుకోవచ్చు. నా ఓటు మాత్రం కొర్రకే. మనం లవ్‌బర్డ్స్ అని కొనేవి చాలావరకు ఆస్ట్రేలియా బడ్జరిగార్లు. (మన రామచిలుకని పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని తెలుసుగా!) వాటి సొంతగడ్డ మీద అవి బతికేది గడ్డిగింజలతోనే. కొర్ర కూడా గడ్డిజాతే. పొట్టు తీసిన కొర్రబియ్యం మొలవవు, పొట్టుతో ఉన్న గింజలే వెడల్పాటి కుండీలో చల్లండి. మొలిచాక కుండీని అలాగే పంజరంలో పెట్టేయొచ్చు. నాలుగు మొక్కలు వదిలేస్తే కంకి వేస్తాయి. ఆ కంకిని పంజరానికి కట్టి చూడండి, పిట్టకి పూటంతా అదే పని! కూర్చోడానికి ప్లాస్టిక్ పుల్ల బదులు, మందు కొట్టని చెట్టు నుంచి జామకొమ్మ కోసి, కడిగి, ఆరబెట్టి పెట్టండి.

నర్సరీ మొక్క మంచి జాతిదైనా, తేగానే పంజరంలో పెట్టొద్దు. కొన్ని గుళికల మందులు వేర్ల నుంచి ఆకుల్లోకి ఎక్కుతాయి, కడిగితే పోవు. మట్టి మార్చి, కొత్త ఆకులు బాగా వచ్చేదాకా కొన్ని వారాలు విడిగా ఉంచాలి.

పిట్ట కొరక్కూడనిదేదో కొరికిందని అనుమానం వస్తే ఇంటివైద్యం చేస్తూ కూర్చోవద్దు. ఆ మొక్క కొమ్మ ఒకటి తుంచి కవర్లో వేసుకుని, వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.