ఆ నొప్పిని ‘గ్యాస్’ అనేసి ఊరుకోవద్దు

కడుపులో నొప్పి వస్తుంది. మందుల షాపులో అడిగి ఓ గ్యాస్ బిళ్ల వేసుకుంటే తగ్గుతుంది. పది రోజులకు మళ్లీ వస్తుంది, మళ్లీ బిళ్ల. ఏళ్ల తరబడి ఇలా నెట్టుకొచ్చేవారు చాలా ఇళ్లలో ఉంటారు. పదేపదే వచ్చే ఈ నొప్పి వెనక ఏముందో తెలుసుకోవటం పెద్ద కష్టమేం కాదు. అది ఎక్కడ, ఎప్పుడు, దేనితోపాటు వస్తోందో గమనిస్తే సగం గుట్టు విడిపోయినట్టే.

రావులపాలెం అరటి మార్కెట్‌లో వ్యాపారం చేసే ఒకాయన్ని ఊహించుకోండి. వయసు నలభై ఐదు. తెల్లారకముందే పరగడుపున టీ. గెలల బేరాలు ముగిసి టిఫిన్ చేసేసరికి పది దాటుతుంది. ఓ పెళ్లిలో మాంసం, వేపుళ్లు దండిగా తిన్న రాత్రి కుడి పక్కటెముకల కింద పట్టేసినట్టు నొప్పి వచ్చింది. కుడి భుజం దాకా పాకింది. ఒకసారి వాంతయింది. రెండు గంటలకు దానంతటదే తగ్గింది. ‘గ్యాస్ పట్టేసింది’ అన్నారు ఇంట్లో. రెండు నెలల తర్వాత మళ్లీ అదే. నాలుగోసారి మాత్రం చలిజ్వరం వచ్చింది, కళ్లు పచ్చబడ్డాయి. పిత్తాశయంలోని రాయి జారి పైత్యరస నాళానికి అడ్డంపడితే ఇలాగే ఉంటుంది. గ్యాస్ బిళ్ల జీర్ణాశయంలో ఆమ్లాన్ని తగ్గిస్తుందే గానీ రాయిని కదపలేదు. మరి మొదటి మూడుసార్లు ఎలా తగ్గింది? రాయి పక్కకు తొలగింది కాబట్టి. ఆ పేరు బిళ్లకు దక్కింది!

అసలు చిక్కంతా ఈ ‘గ్యాస్’ అనే మాటతోనే. బొడ్డుకు పైన జీర్ణాశయం, కాలేయం, పిత్తాశయం, క్లోమం దగ్గరదగ్గరగా సర్దుకుని ఉంటాయి. ఆ పైన గుండె. లోపలి అవయవాల నొప్పిని చర్మం మీది దెబ్బలాగా మెదడు కచ్చితంగా ఫలానా చోటని గుర్తించలేదు. అందుకే మధుమేహం ఉన్నవారికి, పెద్దవయసు వారికి గుండెపోటు కూడా పొట్ట పైభాగంలో మంటలాగే అనిపించొచ్చు. నడిస్తే ఎక్కువై ఆగితే తగ్గుతున్నా, చెమటలు పడుతున్నా ముందు ఈసీజీ తీయించాలి. ఎండోస్కోపీ సంగతి తర్వాత.

పుండు పడితే..

జీర్ణాశయంలోనో, చిన్నపేగు మొదట్లోనో పుండు పడితే పైపొట్టలో కొరికేసినట్టుంటుంది. చిన్నపేగు పుండైతే తరచుగా ఆకలి మీద, అర్ధరాత్రి వచ్చి, ఏదైనా తింటే నెమ్మదిస్తుంది. జీర్ణాశయం పుండుకు తిన్నాక ఎక్కువవుతుంది. కారం, ఆవకాయలే దీనికి కారణమని మనకో గట్టి నమ్మకం. అవి మంటను పెంచొచ్చు గానీ అసలు కారణాలు ముఖ్యంగా రెండు. ఒకటి హెలికోబ్యాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా. ఆస్ట్రేలియా వైద్యుడు బ్యారీ మార్షల్ 1984లో ఆ బ్యాక్టీరియా ద్రవాన్ని తానే తాగి, జీర్ణాశయం వాపు తెచ్చుకుని మరీ చూపించారు. ఆయనకూ, రాబిన్ వారెన్‌కూ 2005లో నోబెల్ దక్కింది. పరీక్షలో ఇది ఉందని తేలితే డాక్టర్లు యాంటీబయాటిక్స్, ఆమ్లం తగ్గించే మందు కలిపి సాధారణంగా 14 రోజులు ఇస్తారు. నొప్పి పోయిందని మధ్యలో మానేస్తే బ్యాక్టీరియా మొండికేస్తుంది. రెండో కారణం మోకాళ్ల నొప్పులకంటూ డాక్టర్‌కు చెప్పకుండా రోజూ మింగే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు. ఇంట్లో పెద్దవాళ్ల మందుల డబ్బా ఓసారి తెరిచి చూడండి.

నొప్పి వీపులోకి దూసుకుపోతూ, ముందుకు వంగి కూర్చుంటే కాస్త తేలికవుతుంటే క్లోమాన్ని అనుమానించాలి. మద్యం, పొగ దీనికి పెద్ద కారణాలు. అవేవీ ముట్టనివారికీ రావొచ్చు. మలం జిడ్డుగా పోవటం, కొత్తగా మధుమేహం రావటం దీని జాడలే.

పరీక్షలన్నీ బాగున్నా నొప్పి

స్కానింగ్, ఎండోస్కోపీ అన్నీ నార్మల్. అయినా వారంలో ఒకరోజైనా కడుపులో మెలిపెట్టటం, విరేచనమైతే తగ్గటం, కొన్నాళ్లు మలబద్ధకం, కొన్నాళ్లు విరేచనాలు. నెలల తరబడి ఇలా ఉంటే ఐబీఎస్ కావొచ్చు. ‘ఏమీ లేదట, అంతా నీ మనసులోనే’ అని ఇంట్లోవాళ్లు తీసిపారేయటం అన్యాయం. పేగుకూ మెదడుకూ మధ్య సంకేతాలు తేడా చేస్తాయి, నొప్పి నిజంగానే ఉంటుంది. కొందరికి పాలు పడవు. అరటి నాడులో చెబితే నవ్వొచ్చు గానీ బాగా మగ్గిన అరటిపండు కూడా కొందరికి ఉబ్బరం తెస్తుంది. అలాగని అన్నీ మానేయక్కర్లేదు. ఒక్కొక్కటే రెండు మూడు వారాలు ఆపి చూడాలి.

ఐబీఎస్ అని సరిపెట్టుకునే ముందు మన దేశంలో మరవకూడనిది పేగుల క్షయ. కుడివైపు కింద నొప్పి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గటం దీని తీరు. దగ్గు లేకపోయినా ఇది ఉండొచ్చు. సర్కారు ఆసుపత్రుల్లో మందులు ఉచితం.

బడికెళ్లే పిల్లలు బొడ్డు చుట్టూ చెయ్యి తిప్పి చూపిస్తుంటారు. చాలామందిలో ఇది ప్రమాదకరం కాదు. బొడ్డుకు ఎంత దూరంగా నొప్పి ఉంటే అంతగా కారణం వెతకాలని ఇంగ్లండ్ పిల్లల వైద్యుడు జాన్ ఆప్లీ చెప్పిన మాటను డాక్టర్లు ఇప్పటికీ గుర్తుచేసుకుంటారు. మలబద్ధకం ఉందా, బడిలో మరుగుదొడ్డికి వెళ్లటానికి సిగ్గుపడుతున్నారా? ముందు ఇది అడగండి. ఎదుగుదల తగ్గినా, నిద్రలోంచి నొప్పితో లేస్తున్నా ఆలస్యం వద్దు.

ఆడవాళ్లలో నెలసరికి ముడిపడి పొత్తికడుపు నొప్పి వస్తుంటే ఎండోమెట్రియోసిస్ కావొచ్చు. ‘ఆ రోజుల్లో మామూలే’ అని ఓర్చుకోవటం వల్ల నిర్ధారణకు ఏళ్లు పడుతోంది. నెల తప్పి నొప్పి వస్తే మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

గెలలు, బస్తాలు మోసేవారిలో నొప్పి పొట్ట గోడ కండరాలదీ కావొచ్చు. నొప్పిచోట వేలుపెట్టి, పడుకుని తల పైకెత్తితే నొప్పి పెరుగుతుందా చూడండి. పెరిగితే కారణం గోడలోనే ఉండే అవకాశం ఎక్కువ. గజ్జల్లో ఉబ్బు కనిపిస్తే అది హెర్నియా కావొచ్చు.

కారణం లేకుండా బరువు తగ్గటం, తారులాంటి నల్లని మలం, రక్తం వాంతి, మింగలేకపోవటం, కామెర్లు, యాభై దాటాక కొత్తగా మొదలైన నొప్పి ఉంటే ఇంటి వైద్యాలు ఆపి రాజమహేంద్రవరమో కాకినాడో వెళ్లి గ్యాస్ట్రో డాక్టర్‌ను కలవండి. (ఐరన్ మాత్రలు వేసుకున్నా మలం నల్లబడుతుంది. ఆ సంగతీ చెప్పండి.) పొట్ట చెక్కలా బిగుసుకుని నొప్పి ఆగకుండా ఉంటే 108కు ఫోన్ చేయాలి.

ఎండోస్కోపీ చేయించుకున్నాం కదా, రాళ్లుంటే కనిపించేవి కదా అని కొందరు అడుగుతుంటారు. ఎండోస్కోపీ గొట్టం జీర్ణాశయం లోపలి గోడనే చూస్తుంది. పిత్తాశయంలో రాళ్లకు అల్ట్రాసౌండ్ కావాలి, దానికి పరగడుపున వెళ్లాలి. హెలికోబ్యాక్టర్ పరీక్షకైతే గ్యాస్ బిళ్లలు రెండు వారాల ముందే ఆపమంటారు. డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు పాత రిపోర్టులతోపాటు ఓ చిన్న నోట్‌బుక్ పట్టుకెళ్లండి. నొప్పి వచ్చిన తేదీ, టైము, అంతకుముందు తిన్నది, ఎంతసేపు ఉంది, వేసుకున్న మాత్ర పేరు. రెండు వారాలు రాస్తే చాలు.