ప్రాంక్ చెయ్యమంటున్నరు గదా, ముందు పిట్టల దొర గురించి వినుండ్రి

పోయిన ఎపిసోడ్ కింద మస్తు మంది ఒకటే అడిగిన్రు: "అన్నా, పటాన్‌చెరు బస్టాండ్ల ఒక ప్రాంక్ చెయ్యి, వ్యూస్ దంచికొడ్తయ్." నేను చెయ్యను. ఎందుకో చెప్పాలంటే ముందు పిట్టల దొర గురించి మాట్లాడాలి.

పిట్టల దొర అంటే తెలంగాణ పగటి వేషాల్లో ఒకటి. తుపాకి రాముడు, లత్కోర్ సాబ్ అని కూడా అంటరు. స్టేజ్ లేదు, టికెట్ లేదు. వీధి, అంగడి, జాతర, జనం ఎక్కడుంటే అక్కడే ఆట. ఖాకీ డ్రెస్సు, నెత్తి మీద టోపీ, భుజానికి కట్టె తుపాకి. దూరం నుంచి చూస్తేనే వేషం అని తెలిసిపోతది.

కామెడీ ఎట్ల పుడ్తది? నేను కోడ్ రాసినోన్ని కాబట్టి లాజిక్ విడదీసి చెప్తా. మొదలు ఒక పెద్ద కోత. దాని మీద ఇంకా పెద్ద కోత. చివర్ల ఒక్క చిన్న మాటతో మొత్తం కూలగొడ్తడు. ఇయ్యాల్టి లెక్కల నేను అల్లితే ఇట్లుంటది: "పాశమైలారం నుంచి బొల్లారం దాకా కంపెనీలన్నీ మనయే. సంగారెడ్డి పోవాలె, ఓ ఇరవై రూపాయలుంటే సర్దు." స్పీడ్ తగ్గితే జోక్ చచ్చిపోతది. చెప్పేటోడు మాత్రం నవ్వొద్దు.

ఇప్పుడు చెప్పుండ్రి, నవ్వు ఎవరి మీద? దొర మీద. నిజం దొర ముందు నోరెత్తలేనోళ్లు ఈ కట్టె తుపాకి దొరను చూసి కడుపుబ్బ నవ్వేటోళ్లు. ఎవరి పేరూ తియ్యకుండనే పెత్తనం గాలి తీసేటోడు. ఇప్పటికీ నాయకులు ఒకరినొకరు "పిట్టల దొర" అని దెప్పుకుంటరు.

ప్రాంక్ సంగతి చూడుండ్రి. నైట్ షిఫ్ట్ దిగి, ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చిన మనిషి బస్సు కోసం నిలబడ్డడు. మనం మీద పడి బెదిరిస్తం, కెమెరా దాచిపెడ్తం. అది ఆట అని ఆయనకు తెల్వదు. తెలిసేసరికి ఆయన భయపడ్డ మొకం అందరి ఫోన్లల్ల తిరుగుతుంటది. పిట్టల దొర ఆటల నచ్చకపోతే పక్కకు పోవచ్చు. ఇక్కడ ఆ చాయిస్ లేదు.

చట్టం కూడా ఉంది. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితల 270వ సెక్షన్ పబ్లిక్ న్యూసెన్స్ గురించి చెప్తది. 292 కింద 1,000 రూపాయల దాకా జరిమానా. ఆ వెయ్యి కట్టొచ్చు, ఆ మనిషి ఇజ్జత్ వాపస్ ఇయ్యలేం.

పబ్లిక్‌ల కామెడీ చెయ్యాలనుకునేటోళ్లు మూడు చెక్ చేసుకోండి. వేషం అని చూడంగనే తెలుస్తుందా? నవ్వు మనకంటే బలమున్నోడి మీదనా? అప్‌లోడ్‌కు ముందు వీడియోల ఉన్నోళ్లను అడిగినమా?

ఇంకోటి. కొన్ని కుటుంబాలకు ఈ కళ తరతరాల బతుకుదెరువు. పిట్టల దొర ఎదురైతే ఉత్తగనే రీల్ తీసి పోకుండ్రి. అడిగి తియ్యుండ్రి, చేతిల ఎంతో కొంత పెట్టుండ్రి. మీ ఊర్ల ఆయనను ఏ పేరుతో పిలుస్తరో కామెంట్ చెయ్యుండ్రి. మళ్లా కలుద్దాం.