కరెంటు ఉప్పు: మళ్ల ఉప్పుకు పోటీ అవుతుందా?

సముద్రపు నీటి నుంచి కరెంటుతో ఉప్పు తీయవచ్చునన్న మాట వింటే, మళ్ల ఉప్పు కొని నిలువ చేసే వర్తకులకు గుబులు పుట్టడం సహజం. జపాన్ అనుభవం చూస్తే ఆ గుబులుకు ఎంతపాటి ఆధారమున్నదో తేలుతుంది.

జపాన్‌లో ఉప్పు గనులు లేవు. వానలెక్కువ, ఎండ చాలదు. అక్కడ 1972 నాటికి ఉప్పు మళ్లను ఎత్తివేసి ‘ఎలక్ట్రోడయాలిసిస్’ పద్ధతికి మారారు. సోడియంను పోనిచ్చే పొర ఒకటి, క్లోరైడును పోనిచ్చే పొర ఒకటి చొప్పున వందలాది పొరలను పేర్చి కరెంటు పారిస్తారు. ఒక అరలో నీరు పలచబడి, పక్క అరలో చిక్కబడుతుంది. లీటరుకు 35 గ్రాముల లవణాలున్న సముద్రపు నీరు ఇలా 200 గ్రాముల దాకా చిక్కబడుతుంది. ఆపైన మరిగించి ఉప్పు తీయాలి. ఆ ఆవిరి ఖర్చు వేరు.

కిలో ఉప్పును పొరలు దాటించడానికి దాదాపు 460 ఆంపియర్-గంటల కరెంటు పడుతుంది. ఇది ప్రకృతి పెట్టిన రేటు, బేరానికి లొంగదు. జత పొరలకు 0.4 వోల్టు చొప్పున వేసుకున్నా టన్నుకు 180 యూనిట్ల పైమాటే. చినగంజాం, నౌపడా మళ్లలో ఇదే పనిని ఎండా గాలీ ఉచితంగా చేసిపెడుతున్నవి. (తుపానుకు రాశులు కరిగే నష్టం మాత్రం ఫ్యాక్టరీకి లేదు.) జపాన్ సైతం సోడా ఫ్యాక్టరీలకు మెక్సికో, ఆస్ట్రేలియాల నుంచి ఎండ ఉప్పునే దిగుమతి చేసుకుంటున్నది. కరెంటు ఉప్పు ముఖ్యంగా తిండికే.

మంచినీటి తయారీలోనూ ఇదే చిక్కు. తీయవలసిన ఉప్పు పెరిగిన కొద్దీ కరెంటు బిల్లు పెరుగుతుంది. లీటరుకు రెండు మూడు గ్రాముల ఉప్పున్న బావి నీటికైతే గిట్టుబాటే. సముద్రపు నీటికి మాత్రం రివర్స్ ఆస్మాసిస్‌దే పైచేయి.

అయితే ఆ ప్లాంట్లు వదిలే నీటి సంగతి వేరు. 2010లో ప్రారంభమైన చెన్నై సమీపంలోని మీంజూరు ప్లాంటును రోజుకు 23.7 కోట్ల లీటర్ల సముద్రపు నీరు తోడి 10 కోట్ల లీటర్ల మంచినీరు ఇచ్చేలా నిర్మించారు. మిగిలే నీటిలో లీటరుకు సుమారు 60 గ్రాముల లవణాలుంటాయి. అటువంటి నీటి నుంచి ఉప్పు తీసినా కిలోకు పట్టే ఆంపియర్-గంటలు తగ్గవు. కాని నీరు తోడి వడగట్టిన ఖర్చు అప్పటికే మంచినీటి ఖాతాలో పడి ఉంటుంది. కరెంటు ఉప్పు మన బజారుకు వచ్చేదంటూ ఉంటే ఈ దారినే రావాలి. వచ్చిననాడు ఆ ఖర్చులో ఎంత భాగం ఉప్పు మీద వేస్తారన్నదాన్ని బట్టే ధర పలుకుతుంది.