భారత - బర్మా సంబంధములు: బియ్యము నుండి మినుముల దాక

మన యింట గారెలకు నానబోసిన మినపపప్పులో కొంత ఐరావతీ నదీతీరమున పండినదై యుండవచ్చును. ఆ దేశమునకు 1989 నుండి మయన్మార్ అని అధికారనామము. మన పెద్దలకు అది బర్మా. రెండు దేశముల సంబంధము లనగానే రాయబారులు, ఒప్పందములు, కళాకారుల రాకపోకలు స్ఫురించును. భారత - బర్మాల విషయమున వీటన్నిటికి అడుగున ధాన్యము కలదు. ఆ కథను సంగ్రహముగా తెలిసికొందము.

బ్రిటిషువారు మూడు యుద్ధములలో బర్మాను జయించి, 1886లో దానిని భారతదేశమున ఒక రాష్ట్రముగ చేర్చిరి. ఐరావతీ డెల్టాలో అడవులు నరికి వరిసాగు పెంచిరి. మిల్లులకు, రేవులకు కూలీలు కావలసివచ్చిరి. గోదావరి, విశాఖపట్టణము జిల్లాల నుండి మనవారు వేలకొలది ఓడలెక్కి రంగూను చేరిరి. కోరంగి రేవు పేరునుబట్టి అచట వారిని ‘కోరంగీలు’ అనిరి. బర్మా బియ్యము భారతదేశమునకు వచ్చుచుండెను.

ఈ ఏర్పాటు పాలకులు చేసినది; ఉభయ ప్రజలు కూడి కుదుర్చుకొన్నది కాదు. అందుచేత కష్టము వచ్చినపుడు భారమంతయు కూలివానిపై పడెను. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలు సమ్మె కట్టగా, యజమానులు బర్మీయులను పనిలో పెట్టుకొని, సమ్మె ముగియగానే వారిని తొలగించిరి. దానినుండి పుట్టిన అల్లరులలో పెక్కుమంది భారతీయులు హతులైరి. 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశమునుండి వేరుపడెను. 1942లో జపాను సేనలు రంగూనును పట్టుకొనగా, లక్షలాది భారతీయులు స్వదేశమునకు మరలిరి; కొండదారులలో కాలినడకన వచ్చినవారిలో వేలమంది మరణించిరి. బర్మా బియ్యము రాక నిలిచిపోవుట 1943 నాటి బెంగాలు కరవునకు గల కారణములలో ఒకటి.

1948 జనవరి 4న బర్మా స్వతంత్రమయ్యెను. 1951 జూలై 7న ఉభయ దేశములు మైత్రీసంధి చేసికొనినవి. ప్రధానులు నెహ్రూ, ఊ నూల స్నేహము ప్రసిద్ధము. 1954లో మన ప్రభుత్వము 9,00,000 టన్నుల బర్మా బియ్యము కొనుటకు అంగీకరించెను.

అయినను సంధిపత్రము సామాన్యుని కాపాడలేదు. 1962లో నే విన్ సైనికప్రభుత్వము వచ్చెను. వ్యాపారములు జాతీయము చేయబడెను. 1964 మే నెలలో 50, 100 క్యాట్ నోట్లు చెల్లవని ప్రకటించిరి. ఆ దశాబ్దమున సుమారు 3,00,000 మంది భారతీయులు బర్మాను విడిచిరి. విశాఖపట్టణమున ‘బర్మా క్యాంపు’ అను పేట పేరు ఆ రాకకు గుర్తు.

నేటి బంధము పప్పుధాన్యములది. 1988 తరువాత వీని ఎగుమతి ప్రైవేటు వర్తకులకు లభించెను. వరి కోసిన పొలమున మిగిలిన తేమతో అచట మినుము పండును. బర్మీయులు మినుములు అంతగా తినరు. ఆ పంట ముఖ్యముగ మన కొరకే. కావున ఢిల్లీలోని యొక ఉత్తరువు అచటి రైతునకు సూటిగ తగులును. 2017 ఆగస్టులో, మన రైతునకు ధర పడిపోకుండుటకై, భారత ప్రభుత్వము దిగుమతులకు పరిమితి విధించెను. అచటి రైతు ధర కోల్పోయెను. 2021 ఫిబ్రవరిలో అక్కడ సైన్యము మరల అధికారము చేపట్టెను. ఆ సంవత్సరముననే ఇరు ప్రభుత్వములు ఐదేండ్లకు ఒడంబడిక చేసికొనినవి: 2021-22 నుండి 2025-26 వరకు ఏటేట 2,50,000 టన్నుల మినుములు, 1,00,000 టన్నుల కందులు.

సంస్కృతీబంధము నిశ్శబ్దముగ సాగినది. మాండలేలో జన్మించిన సత్యనారాయణ గోయంకా 1969లో విపశ్యనా ధ్యానమును భారతదేశమునకు తెచ్చెను. పగాను పట్టణమందలి ఆనందాలయ పరిరక్షణలో మన పురావస్తుశాఖవారు పాలుపంచుకొనిరి.

ఇచట మన రైతు, మన గృహిణి, పరదేశపు రైతు ముగ్గురి మేలును తూచవలసియున్నది. ఎంత కొందుమో విత్తుటకు ముందే చెప్పి, చెప్పినంత కొనినచో మువ్వురును తమ లెక్క తాము చూచుకొనగలరు. పొరుగువారి మైత్రికి అంతకు మించిన పూచీ లేదు.