నెలలు నిండని బిడ్డకు మొదటి మందు అమ్మ పాలే

నెలలు నిండకముందే కాన్పు అయిన ఇంట్లో రెండో రోజో మూడో రోజో ఒక మాట వినిపిస్తుంది. "తల్లికి పాలు పడలేదు, డబ్బా తెప్పించండి." బిడ్డ అద్దాల పెట్టెలో ఉంటాడు, రొమ్ము పట్టి పీల్చే శక్తి ఇంకా రాలేదు. తల్లి ఎంత పిండినా చెంచాడు రావు. అది చూడలేక తండ్రి నేరేడ్‌మెట్ చౌరస్తాలో మందుల షాపుకు బయల్దేరతాడు. ఆయన ఆదుర్దాను తప్పు పట్టలేం. కాని డబ్బా కొనేముందు ఒక్కసారి వార్డు డాక్టరునో నర్సమ్మనో అడగండి.

ఏడు, ఎనిమిది నెలలకే పుట్టిన బిడ్డకు పేగులు ఇంకా గట్టిపడవు. లోపలి పొర వాచి, చచ్చిపోయి, ఒక్కోసారి పేగుకు చిల్లు పడుతుంది. డాక్టర్లు దీన్ని నెక్రోటైజింగ్ ఎంటరోకోలైటిస్ అంటారు. వార్డులో అందరూ 'నెక్' అనేస్తారు. బాగా ముందు పుట్టిన పిల్లల్లో ఇది తరచుగా రెండు మూడు వారాలకు, ఇక గండం గడిచిందనుకునే వేళకు వస్తుంది. పాలు ఆపి, సెలైన్, యాంటీబయాటిక్ ఇస్తారు. చిల్లు పడితే ఆపరేషన్ తప్పదు. అందరు బిడ్డలూ దక్కరు.

1990లో లూకస్, కోల్ అనే బ్రిటిష్ పరిశోధకులు 926 మంది నెలలు నిండని శిశువుల వివరాలు లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. అచ్చంగా డబ్బా పాలు తాగినవారిలో ఈ జబ్బు, తల్లిపాలు మాత్రమే తాగినవారికంటే 6 నుంచి 10 రెట్లు ఎక్కువ కనిపించింది. రెండూ కలిపి తాగినవారితో పోల్చినా 3 రెట్లు ఎక్కువే. అంటే పూర్తిగా చాలకపోయినా, వచ్చినన్ని పాలు వృథా కావు.

ముర్రుపాలలోని రక్షక పదార్థాలు పేగు లోపల పూతలా పనిచేస్తాయి. అందుకే కాన్పయిన మొదటి గంటల్లోనే చేత్తో పిండడం మొదలుపెట్టాలి. నాలుగు చుక్కలొచ్చినా నర్సమ్మకివ్వండి, బిడ్డ బుగ్గ లోపల రాస్తారు, లేదా ట్యూబులో వేస్తారు. రోజుకు 8 సార్లకు తగ్గకుండా, రాత్రి కూడా తీయాలి. డాక్టరు సరేనంటే బిడ్డను ఛాతీమీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టుకుంటే పాలు చేపుతాయి. ఇది తల్లి ఒక్కతే చేసే పని కాదు. గిన్నె మరిగించేవారు కావాలి, అర్ధరాత్రి లేపేవారు కావాలి, వేళకు ఇంత అన్నం పెట్టేవారు కావాలి. పథ్యమని కడుపు మాడ్చకండి, దాహమైతే నీళ్లివ్వండి. మరీ చిన్న బిడ్డలకు అమ్మ పాలలోనే బలానికి పొడి కలపమని డాక్టరు చెప్పవచ్చు. అది డబ్బా పాలు పట్టడం కాదు.

అన్నీ చేసినా పాలు చాలకపోతే? మన నగరంలోనే, రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో 'ధాత్రి' తల్లిపాల బ్యాంకు మొదలైంది. దేశంలో ఇలాంటి మొదటి బ్యాంకును ముంబయి సయన్ ఆసుపత్రిలో 1989లో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ ప్రారంభించారు. బ్యాంకుల్లో దాతలకు రక్తపరీక్షలు చేస్తారు, పాలను 62.5 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచి శుద్ధి చేస్తారు. ఆ వేడికి కొంత రక్షణశక్తి పోతుంది కనుక సొంత తల్లి పాలదే మొదటి స్థానం, బ్యాంకు పాలు ఆ తర్వాత. పక్కింటి బాలింత పాలు పరీక్షలు లేకుండా పట్టడం మాత్రం వద్దు.

ఒక మాట అత్తగార్లకు, అమ్మమ్మలకు. తల్లిపాలు తాగిన బిడ్డకు కూడా అరుదుగా ఈ జబ్బు వస్తుంది. అప్పుడు "నీ పాలు బిడ్డకు పడలేదు" అనకండి. అది నిజం కాదు, పైగా ఆ మాటకు వచ్చే పాలు కూడా ఆగిపోతాయి.

ఇంటికి తీసుకెళ్లాక బిడ్డ పొట్ట ఉబ్బి గట్టిపడినా, ఆకుపచ్చని వాంతి అయినా, మలంలో రక్తం కనబడినా, పాలు తాగకుండా మగతగా పడి ఉన్నా గ్రైప్‌వాటర్, ఆముదం పట్టకండి. తెల్లవారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకురండి.