చిన్న తెలుగు బ్లాగుకి వచ్చే పాఠకులు ఎక్కడ జారిపోతున్నారు? ఫోన్‌లో చూసుకోవాల్సిన 4 చోట్లు

తెలుగులో సొంత బ్లాగు మొదలుపెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పది పోస్టులు దాటించేవాళ్లే తక్కువ. రాయడం రాక కాదు. ఆదివారం అంతా కూర్చుని ఒక మంచి పోస్ట్ రాస్తే, వారం తర్వాత స్టాట్స్‌లో 14 వ్యూస్ కనిపిస్తాయి. అందులో సగం మనం చూసుకున్నవే. ఇక ఎవరి కోసం రాయాలి అనిపిస్తుంది. అక్కడితో ఆ బ్లాగు ఆగిపోతుంది.

దీనికి దొరికే సలహాలన్నీ దాదాపు ఒకటే: రోజూ పోస్ట్ పెట్టండి, కీవర్డ్స్ వాడండి, అన్ని గ్రూపుల్లో షేర్ చేయండి. ఉద్యోగమో చదువో చూసుకుంటూ రాసేవాళ్లకి రోజూ పోస్ట్ అనేది జరిగే పని కాదు. పైగా ఆ సలహాలు ఎక్కువగా ఇంగ్లిష్ సైట్లని దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. తెలుగు లిపిలో రాసే బ్లాగుకి వచ్చే ఇబ్బందులు కొన్ని వేరే ఉంటాయి.

ఈ ఆర్టికల్‌లో చెప్పేది ఒక్కటే. చిన్న బ్లాగు ముందు చూసుకోవాల్సింది కొత్త పాఠకులని ఎలా లాక్కురావాలి అని కాదు, గుమ్మం దాకా వచ్చినవాళ్లు ఎందుకు వెనక్కి పోతున్నారు అని. పాఠకుడి ఫోన్‌లో మన పోస్ట్ నాలుగు చోట్ల కనిపిస్తుంది: వాట్సాప్‌లో లింకుగా, బ్రౌజర్‌లో పేజీగా, గూగుల్‌లో రిజల్ట్‌గా, ఆ తర్వాత గుర్తుండే పేరుగా. ఒక్కోటీ చూద్దాం.

1. వాట్సాప్‌లో లింకు

చిన్న బ్లాగుకి మొదటి పాఠకులు వచ్చేది ఎక్కువగా వాట్సాప్ నుంచే. తెలుగు పోస్ట్‌కి మొదటి దెబ్బ తగిలేది కూడా అక్కడే.

పోస్ట్ అడ్రస్‌లో తెలుగు అక్షరాలు ఉంటే, దాన్ని కాపీ చేసి పేస్ట్ చేసినప్పుడు అది పర్సెంట్ గుర్తులు, అంకెలతో నిండిన పెద్ద తోకలా మారిపోతుంది. కారణం సింపుల్. యూనికోడ్‌లో ఒక్కో తెలుగు గుర్తు 3 బైట్లు తీసుకుంటుంది. అడ్రస్‌లోకి వచ్చేసరికి ఒక్కో బైట్ 3 క్యారెక్టర్లు అవుతుంది. అంటే ఒక్క గుర్తుకి 9. అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కే. 'తెలుగు' అనే మూడక్షరాల మాటలో 6 గుర్తులు ఉన్నాయి, కాబట్టి 54 క్యారెక్టర్లు.

వర్డ్‌ప్రెస్ ఈ భాగాన్ని 200 క్యారెక్టర్ల దగ్గర కత్తిరిస్తుంది. అంటే సుమారు 22 తెలుగు గుర్తులు. మీ టైటిల్ సగంలో తెగిపోయేది ఇందుకే. బ్లాగర్‌లో ఇంకో రకం తంటా. టైటిల్ మొత్తం తెలుగులో ఉంటే బ్లాగర్ దాన్ని వదిలేసి, 'బ్లాగ్-పోస్ట్' అని ఇంగ్లిష్‌లో తనే ఒక పేరు పెట్టేస్తుంది. రెండో పోస్ట్‌కి అదే పేరు, వెనక ఒక నంబర్. ఆ లింకు చూసి లోపల ఏముందో ఎవరికీ అర్థం కాదు. ఇంత అడ్డదిడ్డంగా ఉన్న లింకుని మోసం లింకు అనుకుని నొక్కనివాళ్లూ ఉంటారు. వాళ్లని తప్పుపట్టలేం.

పరిష్కారం ఒక్క నిమిషం పని. పబ్లిష్ చేసేముందు పర్మాలింక్ ఆప్షన్‌లోకి వెళ్లి, ఇంగ్లిష్ అక్షరాల్లో మూడు నాలుగు మాటల అడ్రస్ మీరే ఇవ్వండి. టైటిల్ తెలుగులోనే ఉంటుంది, అడ్రస్ ఒక్కటే మారుతుంది. ఇది పబ్లిష్‌కి ముందే చేయాలి. తర్వాత మారిస్తే పాత లింకు పనిచేయకపోవచ్చు, దానికి మళ్లీ రీడైరెక్ట్ పెట్టుకోవాల్సి రావొచ్చు.

రెండోది ప్రివ్యూ. లింకు పేస్ట్ చేయగానే కింద బొమ్మ, టైటిల్, ఒక లైను వివరణ వస్తాయి కదా, అవి పేజీలో ఉండే ఓపెన్ గ్రాఫ్ ట్యాగ్‌ల నుంచి వస్తాయి. పోస్ట్‌లో కనీసం ఒక బొమ్మ పెట్టండి, వివరణ మీరే రాయండి. బ్లాగర్‌లో అయితే సెట్టింగ్స్‌లో సెర్చ్ డిస్క్రిప్షన్ ఆన్ చేస్తేనే పోస్ట్ పక్కన ఆ ఖాళీ కనిపిస్తుంది. పబ్లిష్ అయ్యాక లింకుని ముందు మీకు మీరే వాట్సాప్‌లో పంపుకుని చూడండి. నచ్చితేనే గ్రూపులో పెట్టండి.

2. తెరిచిన పేజీ

లింకు నొక్కాక పేజీ వెంటనే రావాలి. గూగుల్ లెక్కలో పేజీలోని ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనిపిస్తే 'బాగుంది' అని అర్థం. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే ఫ్రీ టూల్‌లో మీ లింకు ఇచ్చి మొబైల్ రిజల్ట్ చూడండి. చిన్న బ్లాగుల్లో ఎక్కువసార్లు దొరికిపోయే దొంగ ఫోటోనే. ఇప్పటి ఫోన్ కెమెరాతో తీసిన ఫోటో ఒక్కోటి 4, 5 ఎంబీ ఉంటుంది. దాన్ని అలాగే ఎక్కించేయకుండా 1200 పిక్సెల్స్ వెడల్పుకి తగ్గించి, వెబ్‌పీ ఫార్మాట్‌లో సేవ్ చేయండి. స్క్వూష్ అనే టూల్ బ్రౌజర్‌లోనే ఈ పని చేస్తుంది, యాప్ అక్కర్లేదు. గూగుల్ డిస్కవర్‌లో పెద్ద బొమ్మతో కనిపించాలంటే కూడా కనీసం 1200 పిక్సెల్స్ వెడల్పు కావాలి కాబట్టి, ఆ సైజు రెండు విధాలా పనికొస్తుంది.

ఇప్పుడు అక్షరాల సంగతి. చాలా థీమ్‌లు ఇంగ్లిష్ కోసం తయారైనవి. తెలుగులో పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. లైన్ల మధ్య దూరం తక్కువైతే పై లైను ఒత్తు కింది లైను గుడిని తగులుతుంది. అలాంటి పేజీని రెండు పేరాలు చదివేసరికి కళ్లు లాగుతాయి. మూడు చిన్న మార్పులు చాలు:

- లైన్ హైట్ 1.7 లేదా 1.8 పెట్టండి. అక్షరాల మధ్య అదనపు స్పేసింగ్ ఏమైనా ఉంటే తీసేయండి.
- జస్టిఫై అలైన్‌మెంట్ వద్దు. తెలుగు మాటలు పొడుగు. చిన్న స్క్రీన్ మీద రెండు వైపులా సమానంగా సర్దబోతే మాటల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు వస్తాయి. ఎడమ వైపుకి సర్దితే చాలు.
- పేజీ భాష తెలుగు అని సెట్టింగ్స్‌లో చెప్పండి. చాలా బ్లాగుల్లో అది ఇంగ్లిష్ అనే ఉండిపోతుంది. చూపు సరిగా లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ ఏ గొంతుతో చదవాలో ఎంచుకోవడానికి ఈ సమాచారం పనికొస్తుంది.

ఫ్యాన్సీ ఫాంట్ అవసరమా? హెడ్డింగ్‌కి కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, ఎన్టీఆర్ లాంటివి ఉచితంగా ఉన్నాయి. మామూలు టెక్స్ట్‌కి మాత్రం ఫోన్‌లో ఉన్న తెలుగు ఫాంటే వాడండి. ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ అది ముందే ఉంటుంది, డౌన్‌లోడ్ బరువు సున్నా.

ఇంకోటి. పేజీ తెరవగానే నోటిఫికేషన్ పర్మిషన్ అడిగే పాపప్ పెట్టకండి. ఇంకా ఒక్క లైను కూడా చదవని మనిషిని 'రోజూ రమ్మంటారా' అని అడిగినట్టు ఉంటుంది.

3. సెర్చ్‌లో రిజల్ట్

వాట్సాప్ పాఠకులు ఆ రోజుకే. నెలల తరబడి పాఠకుల్ని తెచ్చేది సెర్చ్. అందుకే ఏ టాపిక్ మీద రాస్తున్నాం అన్నది ముఖ్యం.

ఒక ఫోన్ లాంచ్ వార్త రాశారనుకోండి. అదే వార్త పెద్ద సైట్లన్నీ పది నిమిషాల్లో రాసేస్తాయి. రెండు రోజుల తర్వాత దాన్ని ఎవరూ వెతకరు. చిన్న బ్లాగు అక్కడ గెలవడం కష్టం. అదే, ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ ఉన్నట్టుండి స్క్రీన్ మీద ఉన్నవన్నీ పైకి చదవడం మొదలుపెట్టింది, ఒకసారి నొక్కితే ఏదీ తెరుచుకోవట్లేదు. టాక్‌బ్యాక్ పొరపాటున ఆన్ అయింది. చాలా ఫోన్లలో రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే ఆగిపోతుంది. ఆ షార్ట్‌కట్ ఆన్‌లో లేకపోతే, ఒక నొక్కుతో ఆప్షన్‌ని ఎంచుకుని, రెండుసార్లు నొక్కి తెరుస్తూ, రెండు వేళ్లతో స్క్రోల్ చేస్తూ సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీ దాకా వెళ్లి ఆపాలి. దీన్ని నాలుగు స్క్రీన్‌షాట్లతో మంచి తెలుగులో రాస్తే, ఆ పోస్ట్ ఏళ్ల తరబడి ఎవరికో ఒకరికి పనికొస్తూనే ఉంటుంది.

ఇక్కడ గమనించాల్సింది టైటిల్. ఆ ఇబ్బందిలో ఉన్న మనిషికి 'టాక్‌బ్యాక్' అనే మాటే తెలియదు. తెలిస్తే సగం సమస్య తీరినట్టే. వాళ్లు వెతికేది 'ఫోన్ మాట్లాడుతోంది ఎలా ఆపాలి' అని. కాబట్టి టైటిల్‌లో వాళ్ల మాట ఉండాలి, టెక్నికల్ పేరు లోపల రావాలి. ఏది రాసినా ఈ ప్రశ్న వేసుకోండి: జవాబు తెలియకముందు ఈ విషయాన్ని మనిషి ఏమని పిలుస్తాడు?

తెలుగుకి ఇంకో చిక్కు స్పెల్లింగ్. స్టోరేజ్, స్టోరేజి, బ్లాగ్, బ్లాగు, ఫోన్, ఫోను. అన్నీ వాడుకలో ఉన్నవే. 'ఫోన్‌లో' అని కొందరు, 'ఫోన్లో' అని కొందరు టైప్ చేస్తారు. మొదటి దాంట్లో కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది, కాబట్టి కంప్యూటర్‌కి ఈ రెండూ వేరు వేరు మాటలు. చాలామంది అసలు తెలుగు మాటల్నే ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు. అన్ని రూపాలూ పోస్ట్‌లో కుక్కితే చదవబుద్ధి కాదు. ఒక రూపం టైటిల్‌లో, ఇంకోటి లోపల సహజంగా వచ్చిన చోట, ఇంగ్లిష్ అక్షరాల రూపం పర్మాలింక్‌లో ఉంటే సరిపోతుంది.

జనం ఏమని వెతికి మీ దగ్గరికి వచ్చారో గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉచితంగా చూపిస్తుంది, 16 నెలల వరకు డేటా ఉంటుంది. ఎక్కువసార్లు కనిపించినా క్లిక్‌లు రాని పోస్ట్‌లు ఏవో చూడండి. ముందు వాటి టైటిల్ మార్చండి. కొత్త పోస్ట్ రాయడం కంటే ఇది తేలిక.

4. మళ్లీ రావడం

ఒకప్పుడు తెలుగు బ్లాగులకి కూడలి, హారం, జల్లెడ, మాలిక లాంటి సంకలినులు ఉండేవి. ఒక్కచోటికి వెళ్తే ఆ రోజు ఎవరెవరు ఏం రాశారో కనిపించేది. కొత్తగా రాసేవాళ్లకి కూడా మొదటి రోజే పాఠకులు దొరికేవారు. ఆ సందడి తగ్గిపోయింది. 2013 జులై 1న గూగుల్ రీడర్ కూడా మూతపడింది. ఇప్పుడు పాఠకుడికి మీ పోస్ట్ నచ్చినా, రేపు మళ్లీ రావడానికి దారి మీరే చూపించాలి.

దారులు రెండు మూడు ఉన్నాయి. ఈమెయిల్ న్యూస్‌లెటర్ ఒకటి. సబ్‌స్టాక్ లాంటివి ఉచిత న్యూస్‌లెటర్‌కి ఏమీ తీసుకోవు, డబ్బు కట్టే చందాదారులు ఉంటే 10 శాతం తీసుకుంటాయి. మన దగ్గర మెయిల్ రోజూ తెరిచి చదివే అలవాటు అందరికీ లేదు కాబట్టి, 2023 సెప్టెంబర్‌లో ఇండియాకి వచ్చిన వాట్సాప్ ఛానెల్ చాలామందికి దగ్గర దారి. అందులో చేరినవాళ్ల నంబర్లు మిగతావాళ్లకి కనిపించవు, గ్రూపులా గోల ఉండదు. ఏది ఎంచుకున్నా పోస్ట్ చివర ఒక్క లింకే పెట్టండి. ఐదు ఐకాన్లు పెడితే దేన్నీ నొక్కరు.

ఇంకో దారి పాతదే: పక్క బ్లాగులకి లింకు ఇవ్వడం. మీ టాపిక్ మీద ఇంకొకరు బాగా రాశారని మీ పోస్ట్‌లో చెప్తే, మీ పాఠకుడికి లాభం, ఆ రాసినవాళ్లకీ మీరు తెలుస్తారు. సంకలినులు చేసిన పని ఇదే, ఇప్పుడు చేతితో చేసుకోవాలి.

అడ్రస్ మాత్రం మీ సొంతం

ఇంత కష్టపడి పాఠకుల్ని పోగుచేసుకున్నాక, ఆ అడ్రస్ వేరేవాళ్ల చేతిలో ఉంటే ఎలా? కూలో తెలుగులో రాసుకున్నవాళ్లకి 2024 జులైలో ఆ యాప్ మూతపడటంతో ఫాలోయర్లంతా ఒక్కసారిగా పోయారు. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో ఇలాగే పోయింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో షేర్ చేయండి, తప్పు లేదు. అసలు పోస్ట్ మాత్రం మీ డొమైన్ మీద ఉండాలి.

మామూలు డొమైన్‌కి ఏడాదికి వెయ్యి రూపాయలు అటూ ఇటూ అవుతుంది. మొదటి ఏడాది ఆఫర్ ధర చూసి కొనేయకుండా రెన్యువల్ ధర చూడండి. హోస్టింగ్‌కి వెంటనే ఖర్చు పెట్టక్కర్లేదు. బ్లాగర్, గిట్‌హబ్ పేజెస్ రెండూ సొంత డొమైన్‌ని ఉచితంగానే కలుపుకోనిస్తాయి. రేపు సర్వీస్ మారినా అడ్రస్ మారదు.

ఏ నంబర్ చూడాలి?

బ్లాగర్ లోపలి స్టాట్స్‌లో బాట్‌లు కూడా లెక్కలోకి వస్తాయి, కాబట్టి రోజూ వ్యూస్ చూసుకుని సంతోషపడినా బాధపడినా దండగే. నెలకోసారి రెండు నంబర్లు చూడండి: సెర్చ్ నుంచి వచ్చిన క్లిక్‌లు, న్యూస్‌లెటర్‌లోనో ఛానెల్‌లోనో ఉన్నవాళ్లు. మొదటిది మీరు ఎంతమందికి పనికొచ్చారో చెప్తుంది. రెండోది ఎంతమందికి గుర్తున్నారో చెప్తుంది.

చిన్న లెక్క వేద్దాం. ఒక పోస్ట్‌కి సెర్చ్ నుంచి రోజుకి 5గురు వస్తే అది కనిపించని సంఖ్య. అలాంటివి 40 పోస్ట్‌లు ఉంటే రోజుకి 200 మంది, నెలకి 6,000. వారానికో పోస్ట్ రాసినా 40కి ఏడాది పట్టదు. అన్ని పోస్ట్‌లూ అలా నిలబడవు, అది నిజం. కానీ పదో పోస్ట్ దగ్గర ఆపేస్తే ఏవి నిలబడతాయో ఎప్పటికీ తెలియదు.

డబ్బు సంగతి అడిగేవాళ్ల కోసం: గూగుల్ యాడ్‌సెన్స్ 2018 నుంచి తెలుగుని సపోర్ట్ చేస్తోంది. అయితే నెలకి కొన్ని వేల వ్యూస్‌తో వచ్చేది చాలా చిన్న మొత్తం. దాని కోసం పేజీ నిండా యాడ్స్ పెట్టి ఉన్న పాఠకుల్ని పోగొట్టుకోవడం నష్టమే. మొదటి ఏడాది యాడ్స్ లేకుండా నడపడమే మేలు.

ఈ వీకెండ్‌లో చేసేయగలిగినవి

- రాబోయే పోస్ట్‌కి పర్మాలింక్ మీరే ఇవ్వండి.
- ఎక్కువమంది చదివిన మూడు పోస్ట్‌ల లింకులు మీకు మీరే వాట్సాప్‌లో పంపుకుని ప్రివ్యూ చూడండి.
- ఇంట్లో ఉన్న పాత, చవక ఫోన్‌లో మొబైల్ డేటా మీద మీ బ్లాగు తెరిచి, ఒక పోస్ట్ పూర్తిగా చదవండి.
- సెర్చ్ కన్సోల్‌లో బ్లాగుని రిజిస్టర్ చేయండి.
- పోస్ట్ చివర ఉన్న బటన్లలో ఒక్కటి ఉంచి మిగతావి తీసేయండి.

ఈరోజు తెలుగులో ఏదైనా వెతికితే మెషిన్ ట్రాన్స్‌లేషన్ పేజీలు, హెడ్డింగ్‌లో ఊరించి లోపల ఏమీ చెప్పని పేజీలు చాలానే తగులుతాయి. ఇంగ్లిష్ రానివాళ్లకి వేరే దిక్కు ఉండదు, వాటితోనే సర్దుకోవాలి. తెలిసిన విషయాన్ని సొంతంగా చేసి చూసి, అర్థమయ్యే తెలుగులో రాసే ఒక్క చిన్న బ్లాగు ఉన్నా వాళ్ల పని సులువవుతుంది. వ్యూస్ 14 దగ్గరే ఉన్నాయని ఆపేసేముందు, ఆ 14 మందికి మీ పేజీ సరిగ్గా కనిపించిందో లేదో ఒకసారి చూడండి.